తంతి పోయినది, తంతి లిపి పోలేదు

పాఠక మహాశయులకు ఒక ప్రశ్న. బెంగుళూరులోనున్న మీ కుమారునకో, ఆదోనిలోనున్న మీ వియ్యంకునకో నిన్న మీరు ఫోనులో పంపిన వార్తను ఏ లిపిలో వ్రాసితిరి? భాష తెలుగే. అందులో మాకు సందేహము లేదు. అక్షరములు మాత్రము ఇంగ్లీషువి. మన సంఘమునకు వచ్చు లేఖలను చూచుచునే ఉన్నాము. సభ్యత్వపు చందా మొదలు సంతాప తీర్మానము వరకు అన్నియు ఆ లిపిలోనే వచ్చుచున్నవి. వ్రాయువారు చదువు రానివారు కారు. వారిలో తెలుగు పండితులును కలరు, వార్షికోత్సవ వేదికపై రాయలవారి పేరు చెప్పి, బళ్ళారి రాఘవ పేరు చెప్పి, ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావుగార్ల నాటకములు తలచుకొని కన్నులు తుడుచుకొనువారును కలరు. వేదిక దిగి జేబులోని ఫోను తీయగానే వీరికి ఓనమాలు జ్ఞప్తికి రావు.

పూర్వము తంతి ఇచ్చువారు కూడ ఇట్లే వ్రాసెడివారు. తంతి కచేరీలో తెలుగు అక్షరములు చెల్లక ఇంగ్లీషు అక్షరములు వాడెడివారు గనుక "తాతకు జబ్బు, వెంటనే రమ్ము" అను మాటను ఆ అక్షరములలోనికి ఎట్లో ఇమిడ్చి, మాటకింత అని లెక్కగట్టి రుసుము చెల్లించెడివారు. అది యంత్రము చేసిన నిర్బంధము. 2013 జూలైలో మన దేశమున తంతి సర్వీసు మూతపడినది. తంతి పోయినను తంతి లిపి పోలేదు. అది మన ఫోనులలో కాపురము పెట్టినది.

న్యాయము తప్పకుండ ఒక మాట ఒప్పుకొనవలెను. మొదటి ఫోనులలో తెలుగు అక్షరములు లేకుండెను. ఉన్నవాటిలోను ఇంగ్లీషున వ్రాసిన ఒక ఎస్.ఎం.ఎస్.లో 160 అక్షరములు పట్టెడివి, తెలుగున వ్రాసిన 70 మాత్రమే పట్టెడివి. డబ్బు పెట్టి పంపువాడు పొదుపు చూచుకొనుట తప్పు కాదు. కాని ఆ కాలము గడచినది. 2016లో కేంద్ర ప్రభుత్వము గావించిన ఉత్తర్వు దరిమిలా, మన దేశమున అమ్ము ఫోనులన్నియు మన భాషల అక్షరములను చూపగలిగి యుండవలెనను నియమము వచ్చినది. వాట్సాప్ వార్తకు అక్షరముల లెక్కయు లేదు, రుసుమును లేదు. కారణము పోయిన పిమ్మట అలవాటును పట్టుకొని వ్రేలాడుట ఏమని చెప్పవలెను? సోమరితనమని చెప్పుటకు మాకు సంకోచము లేదు.

ఇందువలన నష్టమేమి, అర్థమైన చాలదా అని కొందఱందురు. అర్థమగుచున్నదా? తాతగారికి ఏదో నొప్పిగానున్నది, మందు తెమ్మని కుమారునకు వార్త పోయినదనుకొనుడు. ఆ మాట ఇంగ్లీషున కె, ఏ, రెండు ఎల్‌లు, యు అని వ్రాయబడినది. నొప్పి పుట్టినవి కళ్ళా, కాళ్ళా? దుకాణములో నిలబడిన కుమారుడు కంటి చుక్కలు కొనవలెనా, మోకాలికి తైలము కొనవలెనా? అవే అక్షరములను కల్లు అని కూడ చదువవచ్చును, అది మఱియొక దుకాణము. హ్రస్వదీర్ఘముల భేదము, ట-త ల భేదము, ల-ళ ల భేదము ఆ లిపిలో మంటగలిసినవి. పాట, పాత, పట అను మూడు మాటలకు ఒకే వ్రాత. మన భాషకు ప్రాణమైన భేదములనే ఆ లిపి మ్రింగుచున్నది. పెద్దవాడు సందర్భమును బట్టి ఊహించి చదువుకొనును. పిల్లవాడు? వాడు కళ్ళు అనియు కాళ్ళు అనియు రెండు మాటలు వ్రాతలో వేఱుగా ఉండునని ఎన్నడును చూడనే లేదు.

ఇక్కడనే మన జిల్లా వారి సంగతి తక్కిన తెలుగువారి సంగతికంటె వేఱు. గుంతకల్లులోనో కర్నూలులోనో పిల్లవాడు ఫోనులో ఎట్లు వ్రాసినను, బడిలో తెలుగు వాచకమొకటి వాని ముందుండును. మనకట్లు కాదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకు పోయి, మిశ్రాగారి విచారణ పిమ్మట బళ్ళారి తాలూకా మైసూరున చేరిన నాటినుండి మన పిల్లల బడి క్రమముగా కన్నడమునకును, నేడు ఇంగ్లీషునకును మఱలినది. దానిపై మాకు ఫిర్యాదు లేదు. కన్నడము మన రాష్ట్రభాష, మన పొరుగువారి భాష, మనకు అన్నము పెట్టు భాష. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పు వసతి కల్పించుటకు యత్నింపవలెనని రాజ్యాంగములోని 350ఎ అధికరణము చెప్పుచున్నది. 1956లో చేర్చబడిన ఆ అధికరణమును గూర్చి మన సంఘము వ్రాసిన వినతిపత్రములకు కొదువ లేదు. 2011 జనాభా లెక్కలలో ఈ రాష్ట్రమున నూటికి దాదాపు ఆరుగురు తెలుగు మాతృభాషగా చెప్పిరని ఆ పత్రములలో ఘనముగా వ్రాయుచున్నాము. ఆ ఆరుగురి పిల్లలలో తెలుగు చదువగలవారు ఎందఱని ఎవరైన అడిగిన మన ముఖములు ఎక్కడ పెట్టుకొందుము?

బడిలో లేని అక్షరము పిల్లవాని కంటబడుటకు మిగిలిన చోటు ఒక్కటే. అది ఇంటిలోని కంప్యూటరు, చేతిలోని ఫోను. ప్రభుత్వమును అడుగనక్కరలేదు, ఉపాధ్యాయుని వేయనక్కరలేదు, ఒక కాసు ఖర్చు లేదు. ఆ చోటును కూడ మనమే పరలిపికి అప్పగించితిమేని ఇక వినతిపత్రములు ఎవరికై వ్రాయుచున్నట్లు? సరిహద్దునకు ఆవల ఆదోనిలో మేనమామ తెలుగున వ్రాసి పంపిన శుభలేఖను ఇక్కడ మేనల్లుడు చదువలేక, "ఇందులో ఏముంది మామా" అని తిరిగి ఫోను చేయుచున్న ఇండ్లు మనకు తెలియనివి కావు. సంబంధము కలుపుకొనుటకు ముందు రెండు కుటుంబములును ఏ లిపిలో ఉత్తరప్రత్యుత్తరములు జరుపుకొనవలెనో తేల్చుకొనవలసిన దశకు వచ్చితిమి.

"మా పిల్లలకు తెలుగు అక్షరములు రావు, మేమేమి చేయుదుము" అనువారు కలరు. బళ్ళారిలో ఈ సాకు చెప్పుట సిగ్గుచేటు. కన్నడ లిపి చదువగల పిల్లవాడు తెలుగు లిపిలో ముప్పాతికవంతు చదువగలడు. రెండును ఒక తల్లి బిడ్డలు. కొన్ని శతాబ్దముల క్రిందట వరకు రెండింటికిని ఒకే లిపి. తలకట్టు తీరు మాఱినది, క, త, శ వంటి కొన్ని అక్షరముల రూపు వేఱైనది. పది దినములు సాయంకాలము అరగంట కూర్చుండబెట్టిన చాలును. మద్రాసు తెలుగువారికి గాని బొంబాయి తెలుగువారికి గాని ఈ భాగ్యము లేదు.

ఈ సోదరత్వమును మనము మఱచినను కంప్యూటరు మఱువలేదు. ఈ విషయము మన ఇండ్లలో పలువురకు తెలియదు గనుక కొంచెము వివరముగా చెప్పెదము. కంప్యూటరు అక్షరమును అక్షరముగా ఎఱుగదు. ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య ఉండును. ప్రపంచ లిపులన్నిటికి కలిపి 1991లో వెలువడిన యూనికోడు అను పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు ఇయ్యబడినవి. ఆ వెంటనే, గోడకు గోడ ఆనించినట్లు, 3200 మొదలు 3327 వరకు 128 స్థానములు కన్నడమునకు. తెలుగు అకారము 3077, కన్నడ అకారము 3205. తెలుగు కకారము 3093, కన్నడ కకారము 3221. తీసివేసి చూడుడు, భేదము రెండుచోట్లను 128 మాత్రమే. ప్రధానాక్షరములన్నిటికి ఇదే లెక్క. మన దేశమున అన్ని భారతీయ లిపులకు ఒకే వరుస నేర్పరచిన ఇస్కీ అను పాత పట్టికను అనుసరించుటవలన కలిగిన ఫలమిది. రాష్ట్రములను విభజించినపుడు గీత ఎక్కడ గీయవలెనని ఏండ్లకొలది కొట్లాడుకొంటిమి. యంత్రములో తెలుగును కన్నడమును ఏ పేచీయు లేకుండ ఇరుగుపొరుగు ఇండ్లలో కాపురముండుచున్నవి.

వ్రాయు విధమునందును ఇంతే. ఇన్‌స్క్రిప్టు అను కీబోర్డు క్రమమును 1986లో కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖవారు భారతీయ భాషలన్నిటికి ఉమ్మడిగా ఏర్పరచిరి. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడిచేతి వైపు హల్లులు. కె మీట నొక్కిన క, షిఫ్టుతో నొక్కిన ఖ. ఐ మీటకు గ, షిఫ్టుతో ఘ. హెచ్ మీటకు ప, షిఫ్టుతో ఫ. డి మీట పొల్లు. అమ్మ అను మాట వ్రాయుటకు షిఫ్టుతో డి, పిమ్మట సి, డి, సి. నాలుగు నొక్కులతో మాట పూర్తియైనది. అదే కీబోర్డును కన్నడమునకు మార్చి అవే నాలుగు మీటలు నొక్కుడు; కన్నడములో అమ్మ వచ్చును. ఒక భాషకు నేర్చిన వ్రేళ్ళు రెండవ భాషకు వేఱుగా నేర్వనక్కరలేదు. నేర్చుకొనుటకు వారము దినములు వ్రేళ్ళు తడబడును, సందేహము లేదు. హార్మోనియము నేర్చువానికి తడబడవా?

ఇంటిలోని కంప్యూటరులో దీనిని అమర్చుకొనుటకు నిపుణుని పిలువనక్కరలేదు. విండోసు ఉన్నచో సెట్టింగ్సు తెఱచి, కాలమునకు భాషకు సంబంధించిన భాగములో భాషను చేర్చు మీట నొక్కి, తెలుగును ఎన్నుకొనవలెను. పిమ్మట విండోసు గుర్తుగల మీటను, ఖాళీ విడుచు పొడవైన మీటను కలిపి నొక్కిన ఇంగ్లీషునుండి తెలుగునకు, మరల నొక్కిన తెలుగునుండి ఇంగ్లీషునకు మాఱును. ఇంగ్లీషు మీటలతో ఉచ్చారణను బట్టి వ్రాయుదుమనువారికి 2019నుండి అందులోనే తెలుగు ఫొనెటిక్ అను పద్ధతియు కలదు. కన్నడమునకై బరహ అను సాధనమును ఏనాడో పెట్టుకొన్న ఇండ్లు మన ఊరిలో పెక్కు కలవు. 1998లో వెలువడిన ఆ సాధనము తరువాతి కూర్పులలో తెలుగును కూడ వ్రాయును. ఇంటిలో ఉన్న బావిని విడిచి వీధికొళాయికి పరుగెత్తుచున్నాము.

ఫోనులో ఇంతకంటె తేలిక. కీబోర్డు అమరికలలో భాషలు అనుచోట తెలుగును చేర్చిన పిమ్మట, అందు భూగోళపు గుర్తుగల మీటతో భాష మాఱును. అక్షరములను వరుసగా చూపు పద్ధతి ఒకటి. ఇంగ్లీషు అక్షరములు కొట్టగా తెలుగుగా మార్చు పద్ధతి ఒకటి. వ్రేలితో అద్దముపై వ్రాయగా గుర్తించు పద్ధతి ఒకటి. నోటితో చెప్పగా వ్రాయు పద్ధతి ఒకటి; గూగులువారు దీనిని 2017లో తెలుగునకును కన్నడమునకును తెచ్చిరి. వీటిలో మా అభిప్రాయమడిగినచో మొగమోటము లేకుండ చెప్పెదము. పెద్దలకు వ్రేలితో వ్రాయుట ఉత్తమము. పలకమీద దిద్దిన చేయి అద్దముమీద దిద్దలేదా! పిల్లలకు ఇన్‌స్క్రిప్టు. ఇక ఇంగ్లీషున కొట్టి తెలుగును రప్పించు పద్ధతి ఈత నేర్చువాని నడుమునకు కట్టిన సొరబుఱ్ఱ వంటిది. నాలుగు దినములు మంచిదే. ఏండ్ల తరబడి కట్టుకొని తిరుగువానికి ఈత వచ్చినదనరాదు. వాని మనస్సులో మాట ఇంకను ఇంగ్లీషు వర్ణక్రమములోనే మెదలుచుండును. నోటితో చెప్పి వ్రాయించువారు పంపుటకు ముందు ఒకసారి చదివి సరిచూచుకొనవలెను. లేనిచో యంత్రము వినినది ఒకటి, మీరు పలికినది ఒకటి అగును. మన రాయలసీమ పలుకుబడిని ఆ యంత్రము ఇంకను సరిగా ఎఱుగదు.

ఇచ్చట కన్నడ సోదరులనుండి నేర్వదగిన పాఠమొకటి కలదు. కె.పి.రావుగారు కన్నడమునకు రూపొందించిన కీబోర్డు క్రమమును కర్ణాటక ప్రభుత్వము ప్రమాణముగా స్వీకరించినది. కన్నడ గణక పరిషత్తువారి నుడి అను సాధనము ప్రజలకు ఉచితముగా లభించినది, కచేరీలలో దానితోనే పని జరిగినది. తమ భాషను యంత్రములో ఎక్కించుటకు వారు పాటుపడిరి. మనవారు పాటుపడలేదని అనము. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారి పోతన, వేమన ఫాంట్లు ఉచితముగనే లభించినవి, తెలుగు వికీపీడియా 2003నుండి నడచుచున్నది. పాటుపడినవారి కష్టమును వాడుకొనువారే మన ఇండ్లలో కఱవైరి.

సందర్భము వచ్చినది గనుక ఒక విచిత్రము. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అను తెలుగు అక్షరముతో కూడిన వార్త వచ్చినంతనే లోకమంతట ఐఫోనులు స్తంభించినవి. ఆపిల్ సంస్థవారు కొలది దినములలో దిద్దుబాటు పంపవలసి వచ్చినది. జ్ఞానములోని మొదటి అక్షరమును మ్రింగలేక అంత ఖరీదైన యంత్రము గుటకలు వేసినదని అప్పుడు నవ్వుకొంటిమి. దానిని చూపి "తెలుగు పెట్టుకొన్న ఫోను చెడిపోవును" అని నేటికిని కొందఱు చెప్పుచున్నారు. ఆ దోషము ఆనాడే పోయినది. ఫోనును ఎప్పటికప్పుడు నవీకరించుకొనువారికి భయమక్కరలేదు.

మఱియొక ప్రమాదము మాత్రము నిజమైనది. దానిని గూర్చి తొందరపడవలెను. మన ఇండ్లలోని పెండ్లి పత్రికలు, వంశవృక్షములు, భజన పుస్తకములు, సంఘముల నివేదికలు గత ముప్పది ఏండ్లలో అచ్చుకూటములలో అను, శ్రీలిపి మొదలగు పాత ఫాంట్లలో కూర్చబడినవి. ఆనాటికి అవియే ఉపకరించినవి, అచ్చు సొంపుగా వచ్చినది. కాని అందు తెలుగు బొమ్మ మాత్రమే కలదు. లోపల ఉన్న సంఖ్య ఇంగ్లీషు అక్షరముదే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ పత్రమును తెఱచిన పిచ్చిగీతలు, ప్రశ్నార్థకములు కనబడును. ఏదో ఒకనాడు పాత కంప్యూటరు పాడగును, దానితో మీ తాతముత్తాతల పేర్లును పోవును. కావున అట్టి పత్రములున్నవారు కంప్యూటరు బాగుగానున్నపుడే వాటిని యూనికోడులోనికి మార్పించుకొనవలెను. మార్చు సాధనములు ఉచితముగనే దొరకును. మార్చిన పిమ్మట అక్షరము అక్షరమును సరిచూడవలెను, ఒత్తులు తాఱుమాఱగుట కద్దు. ఇకముందు అచ్చునకు ఇచ్చువారు యూనికోడు ప్రతిని కూడ ఇమ్మని ముందే అడుగవలెను. ఆ ప్రతిని ఒక పెన్‌డ్రైవులో ఉంచి నిశ్చింతగా నిద్రపోవలదు. రెండు వేఱువేఱు చోట్ల ఉంచుడు.

"వ్రాయనేల, మాట్లాడి పంపుదుము" అను నవీనులకు ఒక్క మాట. మాట గాలి. నెలల క్రిందట అవ్వ చెప్పిన ఊరగాయ పాళ్ళు ఏ మాటలో ఉన్నవో వందల మాటల నడుమ వెదకి తీయుడు చూతము. తెలుగున వ్రాసియున్నచో ఆవపిండి అని వెదకినంతనే దొరకును.

పెద్దల క్షేమము కూడ ఈ లిపితో ముడిపడియున్నది. ఫోనులోని ఆజ్ఞలన్నియు ఇంగ్లీషులో ఉన్నందున చదువలేక, కనబడిన మీటనెల్ల నొక్కువారు మనలో పెక్కుమంది. రహస్యపదమును మొబైలు దుకాణము కుఱ్ఱవానికి చెప్పి పెట్టించుకొనువారును కలరు. ఆండ్రాయిడు ఫోనులో అమరికల భాషనే తెలుగునకు మార్చవచ్చును. మార్చిన నాడు అవ్వకు దేనికి "అంగీకరించుచున్నాను" అని చెప్పుచున్నదో తెలియును. మోసగాండ్రు తెలుగునను వ్రాయుదురు, అందువలన తెలుగున వచ్చినదెల్ల నమ్మరాదు. డిజిటల్ అరెస్టు అని బెదరించువాడు ఎవడైనను దొంగయే, అట్టి అరెస్టు ఏ చట్టములోను లేదు. ఓ.టి.పి. అంకెలను కన్నకొడుకు గొంతుతో అడిగినను చెప్పవలదు. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన అంత దక్కించుకొను అవకాశము.

ఇక మా నిర్ణయము. రానున్న ఉగాది సంచిక మొదలుకొని ఇంగ్లీషు అక్షరములలో వ్రాసిన తెలుగు లేఖలు ఈ పత్రికలో ప్రచురింపబడవు. అవి ఎంతటి పెద్దలు పంపినను సరియే. యంత్రము చేతకానివారు కాగితముపై చేతితో వ్రాసి పంపవచ్చును, సంతోషముతో అచ్చువేయుదుము. కన్నడ లిపిలో తెలుగు వ్రాసి పంపు పిల్లల లేఖలను మొదటి ఆఱు నెలలు స్వీకరించి, తెలుగు లిపిలోనికి మార్చి, రెండు లిపులలోను ప్రక్కప్రక్కన ప్రచురింతుము. వారికి అది తగవు కాదు, తొలిమెట్టు. ఆదివారము ఉదయము పది గంటలనుండి సంఘపు గ్రంథాలయములో తెలుగు కీబోర్డు అమర్చి చూపు ఏర్పాటు చేసితిమి. మనుమని పంపి ఫోను బాగుచేయించుకొనువారు గాక, వ్రాయదలచినవారే స్వయముగా రావలెను. ఛార్జరు మఱవవద్దు.